కోడ్ రాసేవారు కాంటా దగ్గరికి రావాలి

పట్టా పాసుపుస్తకం మొదలుకొని ధాన్యం డబ్బుల దాకా ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల రైతుకు ఇవాళ ప్రతిదీ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ గుండానే అందుతోంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఏ షరతుల మీద, ఎవరిని అడిగి తయారు చేస్తున్నారన్న ప్రశ్న మాత్రం టెండరు కాగితాలు దాటి బయటికి రావడం లేదు. సాగునీరు, కరెంటు గురించి నిలదీసినట్టే దీని గురించి కూడా జిల్లా ప్రజలు నిలదీయాలని మేము భావిస్తున్నాం.

భూమి రికార్డుల పోర్టల్ ధరణి అనుభవం ఇంకా పచ్చిగానే ఉంది. 2020 అక్టోబర్ 29న ఆ పోర్టల్ మొదలైనప్పుడు తప్పుగా ఎక్కిన విస్తీర్ణాన్ని, జాబితాలో లేకుండా పోయిన సర్వే నంబరును సరిచేసుకునే దారి రైతుకు కనిపించలేదు. ఆ దారులు తర్వాత ఒక్కొక్క మాడ్యూల్‌గా, అంటే పోర్టల్‌లో ఒక్కో పనికి ఒక్కో విభాగంగా, వచ్చి చేరాయి. చదువు రాని రైతు కూడా తప్పులు సరిచేసే మాడ్యూల్ పేరు ‘టీఎం 33’ అనే మాట నేర్చుకుని మీసేవ కేంద్రం చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ తిరిగాడు. 2024లో పోర్టల్ నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీకి మార్చారు. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. చట్టంలోని లోపాల చర్చ వేరు. సాఫ్ట్‌వేర్ వరకే చూసినా, దశాబ్దాల పహాణీల నుంచి ఎక్కించిన సమాచారంలో తప్పులుంటాయని ముందే ఊహించి, వాటిని సరిదిద్దే ఏర్పాటును మొదటి రోజే సిద్ధం చేయడం ఈ వృత్తిలో ప్రాథమిక ధర్మం. తహసీల్దార్ కార్యాలయంలో వారం రోజులు కూర్చుని వచ్చేవారి అర్జీలు చదివిన ఏ ఇంజినీరుకైనా ఇది ఎవరూ చెప్పకుండానే అర్థమయ్యేది.

ఆ ఇంజినీరు అక్కడికి ఎందుకు రాడు? తెలివి లేక కాదు, ఓపిక లేకా కాదు. అతను పనిచేసే వ్యాపారం నడిచే తీరు అలాంటిది. ప్రభుత్వానికి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కన్సల్టింగ్ సంస్థకు ఆదాయం ఎక్కువగా ఎంతమంది మనుషులను ఎన్ని నెలలు పనిలో పెట్టామన్న లెక్క మీద వస్తుంది. టెండరు గెలిచే రోజు అధికారుల ముందు అనుభవజ్ఞులు కూర్చుంటారు. పని మొదలయ్యాక కోడ్ రాయడానికి, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న కొత్త కుర్రాళ్లను దించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన వ్యవహారమే. ధర ముందే తేలిపోయిన కాంట్రాక్టులో పల్లెకు వెళ్లి వాడకందారుతో గడిపే ప్రతి రోజూ సంస్థకు ఖర్చు. అలా వెళ్లకపోవడం వల్ల తర్వాత బయటపడే ప్రతి లోపమూ చేంజ్ రిక్వెస్ట్ (ఒప్పందంలో లేని మార్పు) పేరుతో కొత్త బిల్లు. ముందుగా అడిగి తెలుసుకుంటే నష్టం, ఆలస్యంగా తెలుసుకుంటే లాభం అన్నట్టు షరతులు రాసిపెట్టి, నాణ్యత రాలేదని వాపోవడంలో అర్థం లేదు. ఆ షరతులు రాసింది ప్రభుత్వమే కాబట్టి ఈ తప్పులో పెద్ద వాటా ప్రభుత్వానిదే.

ధాన్యం కొనుగోలు కేంద్రాన్నే చూడండి. తిప్పర్తి వైపో మిర్యాలగూడ వైపో యాసంగి వడ్లు కల్లాల్లోకి వచ్చే రోజుల్లో మహిళా సంఘం సభ్యురాలు మండుటెండలో ట్యాబ్ పట్టుకుని నిలబడుతుంది. తేమ 17 శాతం లోపు ఉందో లేదో చూడాలి. తాలు, తరుగు మీద రైతుతో వాదన తేల్చుకోవాలి. హమాలీలు కాంటా పెడుతుంటే సంచులు లెక్కపెట్టాలి. లారీ కదలకముందే అందులోని ధాన్యం వివరాల ట్రక్ షీట్ పూర్తి చేయాలి. రైతు ఫోన్‌కు ఓటీపీ పంపి నిర్ధారించుకోవడం కాగితం మీద మంచి జాగ్రత్తే. ఆ ఫోన్ ముంబైకో పుణెకో పనికి పోయిన కొడుకు దగ్గర ఉంటే? పంట పండించింది కౌలు రైతు అయి, పట్టా పట్నంలో ఉన్న ఆసామి పేరున ఉంటే? సిగ్నల్ లేని చోట ఎక్కించిన వివరాలు ట్యాబ్‌లోనే ఉండిపోతాయా, గల్లంతవుతాయా? వీటికి జవాబులు ఏసీ గదిలో రాసిన అవసరాల పత్రంలో దొరకవు. ఆమె పక్కన ఒక పూట నిలబడితే దొరుకుతాయి.

వాడకందారు దగ్గరికి వెళ్లాలన్న ఈ మాటను వృత్తిలోని పెద్దలు ఎప్పుడో చెప్పారు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది ప్రోగ్రామర్లు కలిసి, సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే ఎజైల్ ప్రకటన వెలువరించారు. కాంట్రాక్టు మీద బేరసారాల కంటే వాడకందారుతో కలిసి పనిచేయడం మిన్న అని, కట్టలకొద్దీ పత్రాల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ మిన్న అని అందులో రాశారు. ఇప్పుడు ఆ పేరు మీద ధ్రువపత్రాలు అమ్ముడవుతున్నాయి, ఉదయం పూట నిలబడి సమావేశాలు జరుగుతున్నాయి. వాడకందారు మాత్రం ఆ సమావేశంలో కనిపించడు.

దారి మార్చుకోవడానికి కావలసినవి మన దగ్గరే ఉన్నాయి. మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో, నల్గొండ పట్టణంలో 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలో ఏటా పట్టభద్రులు తయారవుతున్నారు. ఈ టవర్లను విదేశీ కంపెనీల పనికి చౌక అడ్డాలుగా మాత్రమే చూడటం మాకు సమ్మతం కాదు. జిల్లా వాడుతున్న సాఫ్ట్‌వేర్ నిర్వహణను, మరమ్మతును చిన్న చిన్న పనులుగా విడగొట్టి ఇక్కడి సంస్థలకు ఇవ్వవచ్చు. ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేసి కన్సల్టెంట్లను ఎంచుకునే పద్ధతిని 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి గుర్తించింది. అయితే ఆ మార్కులను టర్నోవర్ మీద, గత ప్రాజెక్టుల సంఖ్య మీద వేస్తే చిన్న సంస్థ గడప దగ్గరే ఆగిపోతుంది. క్షేత్రంలో ఎన్ని రోజులు గడుపుతారు, లోపం చెప్పిన ఎన్ని గంటల్లో సరిచేస్తారు అన్నవాటికి మార్కులుండాలి.

సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్ కోసం ప్రోగ్రామర్లు రాసిన మూల కోడ్, ప్రభుత్వం చేతిలో ఉండాలన్నది మరో షరతు కావాలి. ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్‌ను తెరిచి ఉంచే విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. కోడ్ లేకుండా సంస్థను మార్చడం దాదాపు అసాధ్యమవుతుంది, మార్చలేని సంస్థను గట్టిగా అడగడమూ కుదరదు. వచ్చే వానాకాలం కొనుగోళ్లు మొదలయ్యేలోగా పౌరసరఫరాల శాఖ ఈ రెండు షరతులతో ఒక్క కొనుగోలు అప్లికేషన్ ఒప్పందాన్నైనా తిరగరాయాలని, దాన్ని తయారుచేసే బృందాన్ని నల్గొండ మార్కెట్ యార్డుకు పంపాలని మేము కోరుతున్నాం.