పచ్చడి జాడీలో పడని బాంబు

ఇరవై వేల అడుగుల ఎత్తు నుంచి బాంబు వదిలితే అది తిన్నగా వెళ్ళి పచ్చడి జాడీలో పడుతుందని అమెరికా వైమానిక దళంలో గొప్పగా చెప్పుకునేవారు. నార్డెన్ బాంబ్‌సైట్ అనే గురిపెట్టే యంత్రం మీద వాళ్ళకు అంత నమ్మకం. (వాళ్ళ జాడీ అంటే దోసకాయలు ఊరబెట్టే చెక్క పీపా. మన ఆవకాయ జాడీ అయితే ఆ మాట అనే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు. తడి చేత్తో మూత తీస్తేనే ఇంట్లో యుద్ధం.) ఆ యంత్రం గుట్టు ప్రాణం పోయినా బయటపెట్టమని బాంబార్డియర్లు, అంటే గురిచూసి బాంబు వదిలేవాళ్ళు, ప్రమాణం కూడా చేసేవారు.

అంతటి వాళ్ళను పట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ తీరంలో దిగిన రోజున, అంటే 1944 జూన్ 6న, నార్మండీలో ఒమాహా బీచ్‌లోని జర్మన్ రక్షణ స్థావరాల మీద ఒక్క బాంబు కూడా పడలేదని చరిత్రకారులు ఈనాటికీ సణుగుతుంటారు. ఇది చాలా అన్యాయం. వాళ్ళ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడుతున్నాను.

ఆ తెల్లవారుజామున ఎనిమిదో వైమానిక దళానికి చెందిన బి-24 లిబరేటర్లనే భారీ బాంబర్లు నాలుగు వందల పైచిలుకు ఒమాహా వైపు బయలుదేరాయి. కింద మబ్బు కమ్మేసి ఉంది. పచ్చడి జాడీ సంగతి దేవుడెరుగు, ఫ్రాన్స్ దేశమే కనబడటం లేదు. రాడార్ చూసి బాంబులు వేయాలి. కిందేమో మన, అంటే అమెరికా, సైనికుల పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. తొందరపడి ముందే వదిలితే వాళ్ళ నెత్తినే పడతాయి. అందుకని పైవాళ్ళు బాగా ఆలోచించి, మిత్రరాజ్యాల సేనల అధిపతి ఐసెన్‌హోవర్ కార్యాలయం ఆమోదంతోనే ఒక జాగ్రత్త చెప్పారు: గురి వచ్చాక కూడా 5 నుంచి 30 సెకన్లు ఆగి వదలండి.

నిదానమే ప్రధానం. గంటకు 300 కిలోమీటర్ల వేగమే అనుకున్నా, 30 సెకన్ల నిదానానికి విమానం రెండున్నర కిలోమీటర్లు ముందుకు పోతుంది. 329 విమానాలు సుమారు 13,000 బాంబులను వదిలాయి. కొన్ని అయిదు కిలోమీటర్ల లోపలికి వెళ్ళి పొలాల్లో, పచ్చిక బీళ్ళలో పడ్డాయి. నార్మండీ వెన్నకు పెట్టింది పేరు. ఆ వెన్న ఇచ్చే ఆవులకు మాత్రం తాము జర్మన్ రక్షణ వ్యవస్థలో భాగమని ఆ ఉదయమే తెలిసింది.

ఇప్పుడు చెప్పండి, ఉత్తర్వులో ఎక్కడైనా లోపం ఉందా? మన పడవల మీద బాంబు పడకూడదన్నారు, పడలేదు. శత్రువు మీద పడాలనే సంగతి మరో పేరాలో ఉంటే ఉండొచ్చు. ఒక రోజులో రెండు పేరాలూ అమలు కావాలంటే ఎలా?

పైగా సగటు అనేది ఒకటుంది. బాంబులు గురి దాటి లోపల పడ్డాయి. నౌకాదళం వాళ్ళ రాకెట్లలో చాలా భాగం గురి చేరకుండా నీళ్ళలోనే పడ్డాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. కూడి రెండుతో భాగించండి, సరిగ్గా జర్మన్ మరతుపాకి దగ్గర తేలుతుంది. లెక్క రాని వాళ్ళే ఒమాహాను వైఫల్యం అంటారు.

ఆరున్నరకు మొదటి పడవల తలుపులు తెరుచుకున్నాయి. బాంబుల గోతులు ఉంటాయి, వాటిలో దాక్కుంటూ ముందుకు పోవచ్చని ఆ కుర్రాళ్ళకు చెప్పి పంపారు. ఎదురుగా నున్నటి ఇసుక. ఒక్క గొయ్యి లేదు. పైన కొండవాలు మీద మరతుపాకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. సాయంత్రానికి ఆ బీచ్‌లో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి రెండు వేలు దాటారు.

పక్కనే యూటా బీచ్‌లో బి-26 మరాడర్లు చేసిన పని మాత్రం నాకు నచ్చలేదు. అవి మధ్యస్థాయి బాంబర్లు. మబ్బు అడ్డొస్తే మబ్బు కిందకే దిగి, ఒడ్డు వెంబడి సమాంతరంగా ఎగురుతూ, కళ్ళతో చూసి వేశాయి. గురి తగిలింది. అక్కడ దిగిన నాలుగో డివిజన్ నష్టం రెండు వందల లోపే. ఇలా ప్రతివాడూ కిందకు దిగి చూడటం మొదలుపెడితే ఇక హోదా ఏం కాను? ఎంత పెద్ద ఆఫీసరైతే అంత పై అంతస్తులో కూర్చోవాలి.

ఇంకో జాగ్రత్త సంగతి. నార్మండీలోని సెయింట్-లో అనే పట్టణం మీద అదే రోజు, ఆ రాత్రి బాంబులు పడ్డాయి. జనాన్ని ఊరు వదిలి పొమ్మని కరపత్రాలు వేశారు. గాలికి అవి వేరే ఊళ్ళ వైపు కొట్టుకుపోయాయి. చదవాల్సినవాళ్ళకు అందలేదు. వందల మంది పోయారు. దీని మీద హాస్యం నాకు చేతకాదు.

సరే, జులైకి వద్దాం. జూన్‌లో జాగ్రత్త ఎక్కువైందని విమర్శ వచ్చింది కదా, ఈసారి సరిచేశారు. సెయింట్-లో పక్కన జర్మన్ వరుసను పగలగొట్టడానికి అక్కడి అమెరికా సేనాపతి జనరల్ బ్రాడ్లీ ‘కోబ్రా’ అనే దాడి సిద్ధం చేశాడు. ముందు బాంబులు పడాలి కాబట్టి మన సైన్యం ఎంత వెనక్కు జరగాలి? వైమానిక దళం వాళ్ళు 3,000 గజాలన్నారు. బ్రాడ్లీ 800 అన్నాడు. చివరకు 1,200 దగ్గర బేరం కుదిరింది. రైతుబజార్లో వంకాయలు కొన్నవాళ్ళకు ఇదంతా తెలిసిన వ్యవహారమే. కాకపోతే ఇక్కడ తూకంలో మొగ్గు వేసేది బాంబులు.

విమానాలు జర్మన్ వరుసకు గుర్తుగా పెట్టుకున్న రోడ్డుకు సమాంతరంగా వస్తాయని బ్రాడ్లీ అనుకున్నాడు. అంత ఇరుకు దారిలో గంటలో 1,500 విమానాలు పట్టవని వైమానిక దళం లెక్క. అందుకని మన సైన్యం నెత్తి మీదుగా అడ్డంగా వచ్చాయి. జులై 24న మబ్బు పట్టిందని దాడి ఆపేశారు. ఆ కబురు అందేలోపు కొన్ని విమానాలు బాంబులు వేసేశాయి. 25 మంది అమెరికన్లు చనిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ముందు పడ్డ బాంబుల దుమ్ము లేచి, దక్షిణపు గాలికి మన వైపే జరిగి, ఆ గుర్తు రోడ్డును కప్పేసింది. 111 మంది చనిపోయారు, 490 మంది గాయపడ్డారు.

ఆ చనిపోయినవాళ్ళలో లెఫ్టినెంట్ జనరల్ మెక్‌నైర్ కూడా ఉన్నాడు. అమెరికా పదాతి సైన్యానికి శిక్షణ ఇప్పించిన పెద్దమనిషి. శత్రువును మోసం చేయడానికి సృష్టించిన ఒక ఉత్తుత్తి సైన్యానికి కాగితం మీద సేనాపతి కూడా. లేని సైన్యానికి సేనాపతిని నిజం బాంబు చంపింది. కొద్దిమంది జనరళ్ళ మధ్య గుట్టుగా పూడ్చిపెట్టారు.

న్యాయంగా చెప్పాలంటే కోబ్రా గెలిచింది. ఎదుట ఉన్న పాంజర్ లేర్ అనే జర్మన్ ట్యాంకు డివిజన్ చితికిపోయింది. గురి తప్పిన బాంబుల గురించి మాట్లాడితే, ‘గెలిచాం కదా’ అనేశారు. గురి తప్పిందెవరి వల్ల అంటే, తిలా పాపం తలా పిడికెడు. మబ్బుకు కొంత, గాలికి కొంత, బేరానికి కొంత.

పదాతి దళానికి దారి చేయడానికి భారీ బాంబర్లను ఇక వాడేది లేదని ఐసెన్‌హోవర్ అప్పుడే అన్నాడట. నవంబర్ 16న జర్మనీ సరిహద్దులో ఆహెన్ దగ్గర మళ్ళీ వాడారు. అమెరికన్లవీ బ్రిటిష్‌వాళ్ళవీ కలిపి రెండు వేలకు పైగా. ఈసారి ఏ లోటూ రానివ్వలేదు. మన వరుస కనబడేలా బెలూన్లు ఎగరేశారు, ఎర్ర పొగ గుండ్లు పేల్చారు, రేడియో సంకేతాలు పెట్టారు, గురిని బాగా దూరం జరిపారు. మన సైనికులు దాదాపు అందరూ క్షేమం. ఎదురుగా ముందు వరుస గోతుల్లో కూర్చున్న జర్మన్లు కూడా.