లైటాపండి బాబూ

ఉగాది వెళ్లాక రెండో శనివారం మన తెలుగు సంఘం బస్సులో, ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు వెళ్లాం, ముప్పై ఎనిమిది మందిమి. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం బాగా జరిగాయని అందరం సంతోషంగా ఉన్నాం. పులిహోర, దద్దోజనం, బూరెలు బరంపురం నుంచే తీసుకెళ్లి సరుగుడు తోటలో చాపలు పరుచుకుని తిన్నాం. ఆడవాళ్లు ఒక్క విస్తరాకు కూడా వదలకుండా సంచిలో వేసి వెనక్కి తెచ్చారు. ఆ శుచి మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ నేర్పుతారు, దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

చీకటి పడ్డాక జరిగింది వేరు. ఇసుకలోంచి తాబేలు పిల్లలు పైకి రావడం మొదలైంది. అటవీశాఖ కట్టిన వలకంచె దాటి కొన్ని మా వైపు పాకుతూ వచ్చాయి. అందరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లకు టార్చిలైట్లు. నాదీ వెలుగుతూనే ఉంది. మన పిల్లాడొకడు ఒకదాన్ని పట్టుకుని మంచినీళ్లు పోసిన టిఫిన్ డబ్బాలో వేశాడు, ఇంటికి తీసుకెళ్దామని ఒకటే మారాం. కంచె దగ్గర కాపలా ఉన్న కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, పరుగెత్తుకుంటూ వచ్చి, "లైటాపండి బాబూ, పిల్లలు దారి తప్పిపోతన్నాయి" అన్నాడు. మన పెద్దాయన ఒకరు అతన్ని ఒడియాలో కసిరారు, మేమెవరో తెలుసా అని. అతను మళ్లీ తెలుగులోనే, "సరే బాబూ, డబ్బాలోది ఇచ్చేయండి, చాలు" అన్నాడు. దాన్ని తీసుకెళ్లి నీటికి కాస్త దూరంలో ఇసుక మీద వదిలి, అది అల అందుకునేదాకా పక్కనే కూర్చున్నాడు.

తెలుగు నిలబెట్టుకోవడం కోసం పెట్టుకున్న సంఘం మనది. తెలుగులో అడిగినవాడికి ఒడియాలో జవాబిచ్చాం. అప్పుడు నేనూ నోరు మెదపలేదు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల చీకట్లో ఎటు వెలుతురుంటే అటే సముద్రం అనుకుంటుంది. ఒడ్డున దీపం ఉంటే తోటలోకి, రోడ్డు మీదికి పాకుతుంది, తెల్లారేసరికి కాకులకో కుక్కలకో ఆహారమవుతుంది. 2025 ఫిబ్రవరిలో ఈ ఒక్క తీరానికే దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టాయి. ఒక్కో గుంటలో వంద పైచిలుకు గుడ్లు. నెలన్నర పైగా వాటిని నక్కల నుంచి, కుక్కల నుంచి, మనలాంటి యాత్రికుల నుంచి కాస్తున్నవాళ్లలో ఈ తీరం జాలరి కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను ఊళ్లో నోళియాలు అంటారు. ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పొడంపేట అన్న వాళ్ల ఊరి పేరులోనే మన పేట ఉంది. ఆ ఊరిని సముద్రం కోసుకుపోతే ఇళ్లు వదిలి వెనక్కి జరిగారు. మన సభ్యుల జాబితాలో వాళ్లవి ఎన్ని ఇళ్లున్నాయో కార్యదర్శి గారిని అడిగాను. ఒక్కటీ లేదు.

కాబట్టి యాత్రలే వద్దంటారా అని కొందరు అడిగారు. అననండి. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు, ఏడు నెలలు, మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపల వేట నిషేధం. తాబేలు బతకాలంటే అది ఉండాలి. కానీ ఆ భారం మోసేది వాళ్ల పొయ్యే. వచ్చే జనం వల్ల ఆ ఇళ్లకు నాలుగు డబ్బులు చేరితే అంతకంటే న్యాయం ఏముంది? చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఇవాళ పడవల్లో యాత్రికుల్ని కూర్చోబెట్టుకుని అవే పక్షుల్ని పేరుపేరునా చూపిస్తున్నారు. అక్కడ పక్షులూ పెరిగాయి, కుటుంబాలూ నిలదొక్కుకున్నాయి. మా బస్సు యాత్ర వల్ల జాలరి ఇంటికి ఏం చేరింది? బస్సు మనది, వంట మనది, చాపలు కూడా మనవే. ఒక కప్పు టీ అయినా వాళ్ల దగ్గర తాగలేదు. గోపాలపురం బీచిలో బయటివాళ్లు చేసే గోల గురించి మనం ఎన్నిసార్లు విసుక్కున్నామో గుర్తుచేసుకోండి. లెక్కకు మనమే నయమా అంటే, ఆ రాత్రి చూశాక అవునని చెప్పలేను.

వచ్చే ఏడాది కూడా వెళ్దాం. పగలే వెళ్దాం. ఆ కుర్రాళ్లనే పిలిచి, తాబేళ్ల సంగతులు మన పిల్లలకు వాళ్ల తెలుగులోనే చెప్పమందాం, చెప్పినందుకు రుసుము ఇద్దాం. మధ్యాహ్నం భోజనం వాళ్ల ఇళ్లలో వండించుకుందాం. చేప తినని వాళ్లకు పప్పు, చారు చేసిపెట్టలేనివాళ్లేం కారు. సాయంత్రం ఉండాలనుకుంటే వాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడ, ఫోన్లు బస్సులో వదిలేసి నిలబడదాం. ఉగాది వేదిక మీద ఒక కుర్చీ వాళ్లకు వేద్దాం. సభ్యత్వ రుసుము వాళ్లకు భారమైతే మొదటి పది ఇళ్లది నేను కడతాను.

ఆ కుర్రాడి ఫోన్ నంబరు బస్సెక్కే ముందు అడిగి రాసుకున్నాను. ఈ నెల కార్యవర్గ సమావేశానికి తెస్తున్నాను. అక్కడి నుంచే అతనికి ఫోన్ చేద్దాం, తెలుగులో.