శిలాఫలకం వద్దు, ఐదేళ్ల జీతాలు చాలు

ఈ ఏడాది అమెరికాలో మన తెలుగువాళ్ల ఉగాది విందులో, పచ్చడి పంచడం అయ్యాక, తెర మీద రెండు మెదడు బొమ్మలు వేశారు. ఒకటి నీలంగా ఉంది, ఇంకొకటి ఎర్రగా మండుతోంది. "ఇది మామూలు మెదడు, ఇది డిప్రెషన్ మెదడు" అని వ్యాఖ్యానం. తిరుపతిలో డిప్రెషన్, ఆందోళనల మీద మెదడు స్కానింగ్ పరిశోధన కేంద్రం కట్టిద్దామనగానే బల్లబల్లకీ చేతులు లేచాయి. శిలాఫలకంలో పేర్లు ఏ వరుసలో రావాలన్న చర్చ కూడా అక్కడే ముగిసింది. తర్వాత చిత్తూరు నుంచి వచ్చిన మానసిక వైద్యురాలు లేచి, రోగుల్ని ఇంటికెళ్లి పలకరించే కౌన్సిలర్ల జీతాలకు ఐదేళ్లు సాయం చేయమని అడిగారు. అప్పటికి సగం హాలు భోజనాల వరుసలో ఉంది. "అది చిన్న విషయం కదమ్మా, గవర్నమెంటు చూసుకుంటుంది" అని మైకు తీసేసుకున్నారు.

ఆ చిన్న విషయం లేకుండా ఈ పెద్ద విషయం నడవదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ బొమ్మల సంగతి చూడాలి.

ఆ రంగులు మెదడువి కావు, సాఫ్ట్‌వేర్ వేసినవి. నాడీకణాలు పనిచేసిన చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని కాస్త చెదరగొడుతుంది కాబట్టి, ఆ రక్తంలో మార్పు సంకేతంలో తెలుస్తుంది. 1990లో సెయిజి ఒగావా చూపిన ఈ కిటుకే ఫంక్షనల్ ఎంఆర్‌ఐకి పునాది. ఆ మార్పు ఒకటి, రెండు శాతం మాత్రమే. అదీ కణం పనిచేసిన ఐదారు సెకన్లకు గానీ శిఖరానికి చేరదు. మెదడును లక్షకు పైగా గడులుగా కోసి ఒక్కో గడికీ లెక్క కడతారు. వెయ్యికొక పొరపాటు ఫర్వాలేదనుకున్నా, వంద గడులు ఉత్తపుణ్యానికి ఎర్రబడతాయి. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు "చూపించారు". ఇలాంటి పొరపాట్లను దిద్దుకోని లెక్కలో దాని మెదడు కూడా వెలిగింది.

సరే, లెక్క సరిగ్గానే చేశారనుకుందాం. 2016లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధన బృందం 1,728 మంది డిప్రెషన్ రోగుల మెదళ్లను 7,199 మంది ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చింది. రోగుల్లో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ భాగం చిన్నదన్నది నిజమే. కానీ ఆ తేడా, మనిషికీ మనిషికీ మామూలుగా ఉండే తేడాలో (ప్రామాణిక విచలనంలో) 0.14 వంతు. దామలచెరువు మండీకి వచ్చిన రెండు తోటల బేనీషా మామిడికాయల సగటు బరువులో పిసరంత తేడా ఉంటే, ఒక్క కాయ చేతికిచ్చి ఏ తోటదో చెప్పమన్నట్టు ఉంటుంది. 2022లో జర్మన్ బృందం 1,800 మంది మీద రకరకాల స్కాన్లు వాడి, ఎవరు రోగో ఎవరు కాదో ఒక్కో కొలతతో తేల్చబోతే, సరైన జవాబులు 54 నుంచి 56 శాతం. ఊరికే ఊహించినా యాభై వస్తుంది. అదే ఏడాది మరో అధ్యయనం, ఇలాంటి సంబంధాలు నమ్మకంగా తేలాలంటే వేల మంది కావాలని చూపింది. ముప్ఫై మందితో చేసి కేంద్రం ప్రారంభోత్సవంలో చదివే పేపరు దేనికీ కొరగాదు.

అలాగని ఈ పరిశోధన దండగ అనను. అసలు ప్రశ్న "జబ్బు ఉందా లేదా" అన్నది కాదు, అది డాక్టరు అరగంట మాట్లాడితే తెలుస్తుంది. "ఈ మనిషికి మాత్ర పనిచేస్తుందా, మాటల చికిత్స పనిచేస్తుందా" అన్నదే ఇప్పటికీ గుడ్డి గురి. మొదటి మందుతో పూర్తిగా కోలుకునేది సుమారు మూడో వంతు మంది. 2024లో స్టాన్‌ఫర్డ్ బృందం 801 మంది స్కాన్లతో డిప్రెషన్, ఆందోళనలను ఆరు రకాలుగా విడదీసి, రకాన్ని బట్టి చికిత్స ఫలితం మారుతోందని చూపింది. స్కాన్ చూసి గురిపెట్టి, ఐదు రోజుల పాటు రోజుకు పది విడతలు అయస్కాంత తరంగాలిచ్చే పద్ధతికి 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. విశ్రాంతిలో ఉన్న మెదడులో భాగాల మధ్య అనుసంధానం చూడొచ్చని 1995లో చూపింది భరత్ బిస్వాల్, మన భారతీయుడే. కానీ ఒక్కో మెదడునూ సరిపోల్చడానికి స్కాన్లకు వాడే ప్రామాణిక మూస మాంట్రియల్‌లో తీసిన 152 మందిది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2019లో వంద మందితో భారతీయ మూస తయారుచేస్తే, మన మెదళ్లు సగటున ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో చిన్నవని తేలింది. మన మనుషుల స్కాన్లు కావాలి, అందులో రెండో మాట లేదు.

ఇక తిరుపతిలో స్కాన్ తీసే గంట ఎలా గడుస్తుందో చూడండి. కుప్పం మనిషి తెల్లవారుజామున బస్సెక్కి వస్తాడు. రాగానే పడుకోబెట్టి "కళ్లు తెరిచి ఊరికే ఉండు" అంటే నాలుగో నిమిషానికి నిద్రపోతాడు. నిద్రపోయిన మెదడు అనుసంధానం వేరు, ఆ పది నిమిషాలూ వృథా. ముందురోజు వసతి ఇవ్వాలి, కంటి కెమెరా ఉండాలి. కాఫీ తాగి వస్తే కెఫీన్ మెదడుకు రక్తప్రవాహాన్ని తగ్గిస్తుంది, కొలిచేది దాన్నే. మానేయమంటే తలనొప్పి. అలవాటైన కప్పు అలవాటైన వేళకే తాగించి, రాసిపెట్టుకోవడం మేలు. తాళిబొట్టు తీయమంటే సగం మంది ఆడవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. బంగారం అయస్కాంతానికి అంటదు గానీ, గొలుసుకు వేలాడే పిన్నీసులు అంటుతాయి. బట్టలు మార్చుకునే గదిలో ఒక ఆడమనిషి, పసుపు తాడు, నాలుగు పసుపు కొమ్ములు ఉంటే చిక్కు తీరుతుంది. ఏ బడ్జెట్‌లోనూ ఈ పద్దు కనబడదు. గుండుతో వచ్చినా ఎంఆర్‌ఐకి తేడా లేదు. మెదడు రక్తాన్ని పరారుణ కాంతితో చూసే పరికరాలకు వెంట్రుకలే అడ్డం, వాటికైతే తిరుపతిని మించిన ఊరు లేదు.

అసలు గండం కదలిక. ఆందోళన ఉన్నవాళ్లు స్కానర్ గొట్టంలో ఎక్కువ కదులుతారు. తల అర మిల్లీమీటరు కదిలినా అనుసంధానం మారినట్టు కనిపిస్తుంది. అలాంటి స్కాన్లు తీసేస్తే మిగిలేది నిబ్బరంగా ఉండగలిగిన రోగులే. అంటే తక్కువ జబ్బున్నవాళ్లే. దీనికి మందు యంత్రం కొనడం కాదు. ముందు వారం నకిలీ గొట్టంలో పావుగంట పడుకోబెట్టి, చప్పుడు వినిపించి, తమిళం మాట్లాడేవాళ్లకు తమిళంలో చెప్పే ఓపికున్న టెక్నీషియన్. ఇంకొకటి, డిప్రెషన్‌లో అందరూ చూసే సబ్‌జెన్యువల్ భాగం (మెదడు ముందువైపు అడుగున ఉండేది) సైనస్ గాలి గదులకు దగ్గర, అక్కడ బొమ్మ వంకర పోతుంది, సంకేతం కొంత పోతుంది. అయస్కాంత క్షేత్రం ఎక్కడ చెదిరిందో చూపే ఫీల్డ్ మ్యాప్ ఒకటి రెండు నిమిషాలు తీస్తే ఆ వంకరనైనా చాలావరకు సరిదిద్దొచ్చు. హడావిడిలో మొదట ఎగిరిపోయేది అదే.

ఆపైన ఎనిమిది వారాలకు మళ్లీ రావాలి, లేకపోతే చికిత్స ఫలితం తెలియదు. నయమైనవాడు పనికి పోతాడు, నయంకానివాడు ఇంట్లోంచి కదలడు. ఇద్దరినీ తేవాలంటే దారి ఖర్చు, ఆ రోజు కూలి, ఫోన్ చేసి పేరుపెట్టి పిలిచే కౌన్సిలర్ కావాలి. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. "అవును" అన్న మనిషిని స్కాన్ తీసి బస్సెక్కించడానికి లేదు, ఆ రోజే డాక్టరు చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు చీటీ మీద రాసిస్తే సరిపోదు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. స్కాన్ రిపోర్టులో "నార్మల్" అని వస్తే అది కుటుంబానికి తీర్పు. "ఏమీ లేదన్నారు కదమ్మా, ఇంగ మాత్రలెందుకు?" అని పదో రోజు ఆపేస్తారు. ఆ మాత్రలు పట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు, కోలుకున్నాక కనీసం ఆరు నెలలు వాడాలి. సంబంధాలు చెడిపోతాయని దాచే తల్లిదండ్రుల మీద నాకు జాలి లేదు. కొండకు మొక్కుకుని, మనిషిని ఒంటరిగా వదలకుండా వెంట నడిచే మేనమామను మాత్రం మూఢనమ్మకం అని తీసిపారేయలేను. గోవాలో మామూలు మనుషులకు శిక్షణనిచ్చి ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడిస్తే డిప్రెషన్ తగ్గిందని 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ మేనమామకు డాక్టరు నంబరు ఇచ్చే మనిషి కావాలి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్ర లేదు. ఆ రాష్ట్రాల్లో సాధారణ మానసిక రుగ్మతలున్నవాళ్లలో సుమారు 85 శాతానికి చికిత్సే అందడం లేదు. మన దగ్గర ఇంకా మెరుగ్గా ఉంటుందనుకోవడానికి నాకు కారణం కనబడదు.

కాబట్టి కమిటీకి నా విన్నపం: మూడు టెస్లా (అయస్కాంత బలం కొలత) ఎంఆర్‌ఐ యంత్రం కొనకండి. ధర ఒక ఎత్తు, హీలియంను చల్లగా ఉంచే యంత్రాలకు ఇరవైనాలుగు గంటల కరెంటు, ఏటేటా నిర్వహణ ఒప్పందం మరో ఎత్తు. ఊళ్లో ఉన్న స్కానర్ మీద రోగుల పని ముగిశాక సాయంత్రం గంటలు అద్దెకు తీసుకోండి. వంద రూపాయల్లో నలభై కౌన్సిలర్లకు, టెక్నీషియన్‌కు, ఇరవై దారి ఖర్చులకు, కూలికి, మిగిలింది స్కాన్లకు, లెక్కలకు. రక్తహీనత, థైరాయిడ్, బీ12 పరీక్షలు ముందే చేయించండి, వాటి నీరసాన్ని డిప్రెషన్‌గా లెక్కేసే ప్రమాదం తప్పుతుంది. డబ్బు ఒక్క విడతలో కాక ఐదేళ్ల హామీగా ఇవ్వండి.

విరాళాల హామీ పత్రంలో పౌరసత్వం అడిగే గడి ఒకటి చేర్చాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి విరాళం, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా సరే, భారత చట్టం ప్రకారం విదేశీ విరాళమే. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది కాదు. 2020 సవరణ తర్వాత, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంటే మనకు తెలిసిన ట్రస్టుకు పంపి, వాళ్లు కాలేజీకి ఇస్తారనే ఏర్పాటు చెల్లదు. పరిశోధన చేసే సంస్థకే ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా ఉందో లేదో, ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందో లేదో వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందే రాతపూర్వకంగా తెప్పించండి. ఆ సమావేశానికి చిత్తూరు డాక్టరమ్మను వీడియోలో పిలిచి, మొదటి అరగంట ఆవిడకే ఇవ్వండి.