నెట్ రావట్లేదనగానే రీసెట్ కొట్టమనే సలహా ఆపండి

పాత విండోస్‌లో నెట్ రావట్లేదని ఎవరైనా అడగడం ఆలస్యం, అందరూ ఒకటే మంత్రం చదువుతారు. విన్‌సాక్ (ప్రోగ్రాములు నెట్‌తో మాట్లాడే విండోస్ భాగం) రీసెట్ కొట్టు, ఐపీ రీసెట్ కొట్టు, ఫైర్‌వాల్ ఆపెయ్, ఐపీవీ6 టిక్ తీసెయ్, అయినా రాకపోతే ఫార్మాట్ చెయ్. వెనకాలే ఇంకొకరు వచ్చి "ఈ రోజుల్లో కూడా విండోస్ 7 ఏంటండీ, కొత్త సిస్టమ్ తీసుకోండి" అని తీర్పు చెప్పేస్తారు. అసలు ఎక్కడ ఆగిపోయిందో మాత్రం ఒక్కరూ అడగరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. చాలా సమస్యలకు ఓఎస్‌తో సంబంధమే ఉండదు. కేబులో, రౌటరో, చివరికి కంప్యూటర్‌లో తేదీయో కారణమవుతుంది. మిగతావి పాత ఓఎస్‌కీ కొత్త పరికరాలకీ ఫలానా చోట పొసగక వచ్చేవి. ఆ చోట్లు ఏవో తెలిసినవే. వాటిని ఏ రీసెట్టూ బాగుచేయదు.

పైగా రీసెట్ కొడితే ఆధారాలు చెరిగిపోతాయి. నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్ (netsh int ip reset) కొట్టారంటే చేత్తో పెట్టుకున్న ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టమ్ అడ్రస్), గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్), డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్) అన్నీ పోతాయి. అందాకా ఒక సమస్య, ఆ తర్వాత రెండు. అందుకే ముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all), రూట్ ప్రింట్ (route print) కొట్టండి. వచ్చినదంతా ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచుకున్నాకే వేరే దేనిమీదైనా చెయ్యి వేయండి.

విన్‌సాక్ రీసెట్ అసలు పనికిరాదని అనడం లేదు. యాంటీవైరస్‌నో వీపీఎన్‌నో తీసేశాక, పింగ్ (అవతలి సిస్టమ్ జవాబిస్తోందో చూసే కమాండ్) బాగానే పోతూ ఏ బ్రౌజర్‌లోనూ ఏ సైటూ తెరుచుకోకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ మధ్యలో దూర్చిన లేయర్ మిగిలిపోయి ఉండొచ్చు. నెట్‌ష్ విన్‌సాక్ షో క్యాటలాగ్ (netsh winsock show catalog) కొట్టి చూడండి. తీసేసిన సాఫ్ట్‌వేర్ పేరు అందులో ఇంకా కనిపిస్తే అప్పుడు రీసెట్ (netsh winsock reset) కొట్టి, సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. ఎక్స్‌పీలో ఈ కమాండ్ సర్వీస్ ప్యాక్ 2 నుంచే ఉంది. ఐపీ రీసెట్‌కైతే ఎక్స్‌పీలో చివర ఒక లాగ్ ఫైల్ పేరు ఇవ్వాలి, లేకపోతే కమాండ్ నడవదు. సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇక విండోస్ 7లో గడియారం పక్కన కనిపించే పసుపు త్రికోణం. అది కనబడగానే నెట్ పోయిందని తేల్చేస్తారు. అది చెప్పేది చాలా తక్కువ. విండోస్ 7 మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది, ఒక పేరుకి డీఎన్ఎస్ జవాబు సరిగ్గా వస్తోందా అని చూస్తుంది. ఈ పరీక్షలో తప్పితే త్రికోణం పెడుతుంది. రౌటర్‌లో యాడ్స్ ఆపే డీఎన్ఎస్ పెట్టుకున్నా, మధ్యలో ప్రాక్సీ ఉన్నా, నెట్ మామూలుగా నడుస్తూనే త్రికోణం కనిపించవచ్చు. కాబట్టి దాన్ని పక్కనపెట్టి ఐపీ అడ్రస్ చూడండి.

అడ్రస్ 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే ఏర్పాటు) జవాబు రాక విండోస్ తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం. ఇక్కడే చాలామంది ఐపీకాన్ఫిగ్ రిలీజ్, రెన్యూ (అడ్రస్ వదిలేసి మళ్లీ అడగడం) కొడుతూ కూర్చుంటారు. అంతకంటే సూటి దారి ఉంది. అదే రౌటర్‌కి కలిసిన ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో గేట్‌వే ఎంతో చూడండి. అది 192.168.1.1 అనుకుందాం. పాత సిస్టమ్‌కి ఎవరూ వాడని అడ్రస్ ఒకటి, ఉదాహరణకి 192.168.1.50, మాస్క్ 255.255.255.0 చేత్తో ఇచ్చి గేట్‌వేని పింగ్ చేయండి. జవాబు వస్తే లింక్ బాగున్నట్టే. సమస్య డీహెచ్‌సీపీ దగ్గరే ఉంది: సర్వీసుల్లో డీహెచ్‌సీపీ క్లయింట్ ఆగిపోయి ఉండాలి, లేదా రౌటర్ దగ్గర పంచడానికి అడ్రస్‌లు అయిపోయి ఉండాలి. ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఏదైనా అడ్డుపడుతున్నా ఇలాగే ఉంటుంది. జవాబు రాకపోతే ఐపీ సెట్టింగులతో ఆడుకోవడం దండగ, కేబుల్ దగ్గరికో వైఫై దగ్గరికో వెళ్లాలి.

పింగ్ జవాబుని చివరి వరుస చూసి నమ్మొద్దు. విండోస్ 7లో అవతలి సిస్టమ్ దొరకనప్పుడు మీ సొంత అడ్రస్ నుంచే "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని జవాబు వస్తుంది. కింద లెక్కలో మాత్రం నాలుగు పంపితే నాలుగూ వచ్చాయని, 0 శాతం నష్టం అని చూపిస్తుంది. అది చూసి "పింగ్ బాగానే ఉంది" అనేస్తారు. పై నాలుగు వరుసల్లో జవాబు ఎవరి అడ్రస్ నుంచి వచ్చిందో చదవండి. మీ అడ్రసే ఉంటే అవతలివైపు నుంచి ఏమీ రాలేదని అర్థం. వెంటనే ఏఆర్‌పీ -ఏ (arp -a) కొట్టండి. ఆ జాబితాలో గేట్‌వే ఐపీకి ఎదురుగా మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత గుర్తు) ఉండి కూడా పింగ్ రాకపోతే, వైరు పనిచేస్తోంది, మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆపుతోంది. మ్యాక్ అడ్రసే లేకపోతే లింక్ దగ్గరే తెగింది. ఈ రెండు కమాండ్లకి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం పెట్టకుండా ఫార్మాట్ చేయమని చెప్పడం దారుణం.

విండోస్ 7లో "అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్" అని వస్తుంటే, ఐపీకాన్ఫిగ్‌లో డీఫాల్ట్ గేట్‌వే వరుస చూడండి. అక్కడ 0.0.0.0, దాని కింద అసలు గేట్‌వే కనిపిస్తే, ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన బోంజూర్ (నెట్‌వర్క్‌లో పరికరాల్ని వెతికే ఆపిల్ సర్వీసు) మీద అనుమానపడాలి. సర్వీసుల్లో దాన్ని ఆపి, డిసేబుల్ చేసి, ఆ తర్వాత రిలీజ్, రెన్యూ చేయండి. గేట్‌వే గుర్తుపట్టలేనప్పుడు విండోస్ ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ కింద లెక్కేసి షేరింగ్ మూసేస్తుంది. అందుకే ఫైళ్లు కనబడట్లేదన్న ఫిర్యాదు కూడా దీంతోనే మొదలవుతుంది.

కేబుల్ విషయం రెండు ముక్కల్లో. లోకల్ ఏరియా కనెక్షన్ స్టేటస్‌లో స్పీడ్ చూడండి. రెండువైపులా గిగాబిట్ పోర్టులున్నా 100 ఎంబీపీఎస్ చూపిస్తే కేబుల్ మార్చి చూడండి. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ క్లిప్పులో సరిగ్గా ఆనకపోయినా స్పీడ్ పడిపోతుంది, నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది. కార్డ్ ప్రాపర్టీస్‌లో స్పీడ్ అండ్ డూప్లెక్స్ ఎవరైనా "100 ఫుల్" అని బిగించేసి ఉంటే తిరిగి ఆటోకి మార్చండి. ఒకవైపు ఆటో, ఇంకోవైపు బిగించింది ఉంటే ఆటో ఉన్న వైపు హాఫ్ డూప్లెక్స్‌కి (ఒకసారికి పంపడమో అందుకోవడమో ఒక్కటే) పడిపోయి, పెద్ద ఫైల్ కాపీ నత్తనడక నడుస్తుంది.

వైఫైలో గొడవ ఎక్కువగా కొత్త రౌటర్ పెట్టిన రోజే మొదలవుతుంది. విండోస్ 7కి డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతకి కొత్త పద్ధతి) రాదు. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 3 ఉంటే డబ్ల్యూపీఏ2 వరకు వస్తుంది. రౌటర్‌లో రెండూ కలిపిన మోడ్ పెడితే సరిపోతుందని అంటారు గానీ, ఆ మోడ్‌లో ఉండే మేనేజ్‌మెంట్ ఫ్రేమ్ (కనెక్షన్‌ని నడిపే సందేశాల) రక్షణ దగ్గర పాత డ్రైవర్లు తడబడతాయి. పాస్‌వర్డ్ సరైనదే కొట్టినా కనెక్ట్ కాదు. నా సలహా: పాత సిస్టమ్ కోసం రౌటర్‌లో విడిగా ఒక 2.4 గిగాహెర్ట్జ్ పేరు పెట్టి, దానికి డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ మాత్రమే ఇవ్వండి. పాత ఎన్‌క్రిప్షన్ టీకేఐపీ జోలికి పోవద్దు. అది ఉంటే 802.11ఎన్ కార్డు కూడా 54 ఎంబీపీఎస్ దాటదు. గెస్ట్ నెట్‌వర్క్‌కి కలిపితే నెట్ వస్తుంది గానీ, ఇంట్లో మిగతా సిస్టమ్‌లు సాధారణంగా కనబడవు. కొత్త యూఎస్‌బీ వైఫై డాంగిల్ విండోస్ 7కి పెట్టినా అసలు కనబడకపోతే యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి చూడండి. విండోస్ 7కి యూఎస్‌బీ 3 డ్రైవర్లు సొంతంగా లేవు.

8.8.8.8కి పింగ్ చేస్తే జవాబు వస్తోంది, పేరుతో పింగ్ చేసినా వస్తోంది, సైట్లు మాత్రం తెరుచుకోవు. ఇలా ఉంటే, పైన చెప్పిన విన్‌సాక్ లేయర్ లాంటిది కాకపోతే, చాలాసార్లు అది నెట్‌వర్క్ సమస్యే కాదు. ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే ఆపి పెట్టినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్ల గుర్తింపు చూపే సర్టిఫికెట్లన్నీ చెల్లనివైపోతాయి. తేదీ సరిగ్గానే ఉంటే టీఎల్ఎస్ (సైట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి మాట్లాడే పద్ధతి) వైపు చూడాలి. విండోస్ 7కి టీఎల్ఎస్ 1.2 తెలుసు, కానీ విన్‌హెచ్‌టీటీపీ (విండోస్ సొంత వెబ్ భాగం) మీద ఆధారపడే ప్రోగ్రాములకి అది మొదటినుంచీ ఆన్‌లో ఉండదు. కేబీ3140245 అప్‌డేట్ వేసి, దానికి చెప్పిన రిజిస్ట్రీ మార్పు చేయాలి. అప్‌డేట్ ఒక్కటే వేసి వదిలేస్తే ఏమీ మారదు. బ్రౌజర్ నడుస్తూ పాత మెయిల్ ప్రోగ్రామ్ మాత్రం సర్వర్‌కి కలవకపోవడానికి ఇది పెద్ద కారణం. బ్రౌజర్ విషయానికొస్తే విండోస్ 7కి క్రోమ్ 109తో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ తన సొంత సర్టిఫికెట్ల జాబితా, సొంత ఎన్‌క్రిప్షన్ వాడుతుంది కాబట్టి, ఒక సైట్ అందులో తెరుచుకుని వేరేదాంట్లో తెరుచుకోకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

ఇక అన్నిటికంటే హాని చేసే సలహా దగ్గరికి వద్దాం. "కొత్త సిస్టమ్‌లో విండోస్ 7 కనబడట్లేదా? ఎస్ఎంబీ1 ఆన్ చెయ్." ఎస్ఎంబీ అంటే విండోస్ సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకునే పద్ధతి, ఎస్ఎంబీ1 దాని పాత వెర్షన్. దయచేసి ఈ మాట చెప్పడం మానండి. విండోస్ 7 ఎస్ఎంబీ 2.1 మాట్లాడుతుంది. విండోస్ 10, 11 దానితో హాయిగా మాట్లాడగలవు. ఎస్ఎంబీ1 అవసరమే లేదు. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఈ ఎస్ఎంబీ1లోని లోపం మీదే. దాని ప్యాచ్ ఎంఎస్17-010 అదే ఏడాది మార్చిలోనే వచ్చినా, వేసుకోనివాళ్లు మునిగారు. ఆ తర్వాత విండోస్ 10 1709 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంబీ1 సర్వర్ భాగం లేకుండానే వస్తోంది. ఆ తలుపుని మూసింది ఊరికే కాదు.

నిజానికి పోయింది ఫైళ్ల దారి కాదు, జాబితాలో పేరు కనిపించే దారి. పాత కంప్యూటర్ బ్రౌజర్ సర్వీసు ఎస్ఎంబీ1తో ముడిపడి ఉండేది. దాని బదులు ఇప్పుడు ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీసు పేరు చాటుతుంది. రెండు సిస్టమ్‌ల్లోనూ దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి స్టార్ట్ చేయండి. డీఎన్ఎస్ క్లయింట్, ఎస్ఎస్‌డీపీ డిస్కవరీ, యూపీఎన్‌పీ డివైస్ హోస్ట్ కూడా నడుస్తుండాలి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసి సేవ్ కొట్టినా మళ్లీ ఆఫ్ అయిపోతోందంటే ఈ నాలుగింట్లో ఏదో ఆగిపోయింది. అసలు జాబితాతో పనే లేకుండా అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఐపీ అడ్రస్, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు కొట్టండి. అలా తెరుచుకుంటే ఎస్ఎంబీ బాగున్నట్టే.

తెరుచుకోక పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటే, ఇవ్వాల్సింది ఫైళ్లు ఉన్న సిస్టమ్‌లోని యూజర్ పేరు, పాస్‌వర్డ్. విండోస్ 10 పిన్ ఇక్కడ చెల్లదు. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌నీ నెట్‌వర్క్ మీద రానివ్వదు, కాబట్టి షేరింగ్ కోసం పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్ ఒకటి విడిగా పెట్టండి. గెస్ట్ షేరింగ్‌ని (పేరు, పాస్‌వర్డ్ లేకుండా కలవడం) నమ్ముకుంటే విండోస్ 11 ప్రో 24హెచ్2లో డీఫాల్ట్‌గా అది మూసి ఉంటుంది. 1219 ఎర్రర్ వస్తే అదే సిస్టమ్‌కి వేరే పేరుతో ముందే కలిసి ఉన్నారని. నెట్ యూజ్ * /డిలీట్ (net use * /delete) కొట్టి మళ్లీ కలవండి. పేరు, పాస్‌వర్డ్ ఒప్పుకుని యాక్సెస్ డినైడ్ అంటే షేర్ పర్మిషన్, సెక్యూరిటీ ట్యాబ్ పర్మిషన్ రెండూ చూడాలి, రెండింట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. హోమ్‌గ్రూప్ మీద ఆశ పెట్టుకోవద్దు, విండోస్ 10 1803లో దాన్ని తీసేశారు.

ఎక్స్‌పీ సంగతి వేరు. దానికి ఎస్ఎంబీ1 తప్ప ఇంకోటి రాదు, 2014 ఏప్రిల్ 8తో దానికి సపోర్ట్ ఆగింది. విండోస్ 7కీ 2020 జనవరి 14నే ముగిసింది. వీటితో బ్యాంకు పనులు చేయమని నేను చెప్పను. కానీ పాత స్కానర్‌కో మెషీన్‌కో డ్రైవర్ ఎక్స్‌పీలోనే ఉన్నప్పుడు "కొత్తది కొనండి" అనేది జవాబు కాదు. ఆ సిస్టమ్‌కి ఐపీ చేత్తో ఇవ్వండి, డీఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ ఖాళీగా వదిలేయండి. ఇంట్లో మిగతావాటితో మాట్లాడుతుంది, నెట్‌లోకి పోలేదు. ఫైళ్లు మార్చుకోవడానికి కొత్త సిస్టమ్‌లో విండోస్ ఫీచర్లలోకి వెళ్లి ఐఐఎస్ (ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్) కింద ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే పాత పద్ధతి) సర్వర్ ఆన్ చేసి, ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్‌తో ఒక అకౌంట్ ఇవ్వండి, ఎందుకంటే ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ బాహాటంగా పోతుంది. కొత్త సిస్టమ్ ఫైర్‌వాల్‌లో ఎఫ్‌టీపీ సర్వర్‌ని అనుమతించండి, పని లేనప్పుడు సర్వీసు ఆపేయండి. ఎక్స్‌పీ ఎక్స్‌ప్లోరర్‌లో లాగిన్ అయ్యాక ఫైళ్ల జాబితా రాకుండా వేలాడుతుంటే, ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "యూజ్ పాసివ్ ఎఫ్‌టీపీ" టిక్ ఉంటే తీసి, లేకపోతే పెట్టి చూడండి.