సవరణ: యూరియా లెక్కపై మొన్న రాసినదానికి

వరికి యూరియా, ఆఖరి బస్తా ఖర్చుకు సరిపడా ధాన్యం అదనంగా వచ్చినంతవరకు వేయొచ్చని మొన్న రాశాను కదా, దాన్ని చాలామంది ‘దిగుబడి ఎంత పెరిగితే అంత లాభం’ అని చదువుకున్నారు, నేను చెప్పింది అది కాదు. 45 కిలోల బస్తా సుమారు 266 రూపాయలు, అందులో నత్రజని 46 శాతం, అంటే కిలో నత్రజని దాదాపు 13 రూపాయలకే పడుతోంది. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. కిలో నత్రజనికి అరకిలో పైచిలుకు వడ్లు ఎక్కువొస్తే చాలు, పెట్టిన డబ్బు తిరిగొచ్చేసినట్టే. అందుకే రైతు చేయి ఆగదు, అది తెలివితక్కువతనం కానే కాదు.

కానీ ఇందులో బస్తా ధర ఒక్కటే ఉంది. చిరుపొట్ట దశలో, అంటే కంకి లోపల రూపుకట్టే వేళ, మోతాదు మించితే పైరు ముదురాకుపచ్చగా కమ్ముకుంటుంది, మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ చేరుతుంది, మందు కొట్టాలి, పైగా గాలివానకు చేను పడిపోతే కోత మిషన్‌కి గంటలు పెరుగుతాయి. ఇవన్నీ ఆ ఆఖరి బస్తా ఖాతాలోనే రాయాలి.

కౌలుకు చేసేవాళ్లకూ ఇదే లెక్కా అని కొందరు అడిగారు. కౌలు ముందే ఖాయమైతే మోతాదు లెక్క మారదు, ఎంత వేసినా అది కట్టాల్సిందే. సగం పాలుకు, అంటే పంటలో సగం భూయజమానికిచ్చేలా చేస్తూ ఎరువు ఖర్చంతా తనే పెట్టుకునే రైతుకు మాత్రం కిలో నత్రజనికి కిలోకు పైగా వడ్లు అదనంగా రావాలి, అందుకే అతను ముందే ఆపేస్తాడు.