ఓడ మల్లన్న, బోడి మల్లన్న, మధ్యలో బిర్యానీ

డాక్టర్లు చచ్చేదాకా చదువుకుంటూనే ఉండాలని రూలు. 2002 నాటి వైద్యుల నీతి నియమావళి ప్రకారం ఐదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త చదువు చదవాలి. లెక్క వేస్తే ఏడాదికి ఆరు గంటలు. మా ఊళ్లో పెళ్లి భోజనాల బంతి కోసం ఏడాదిలో నేను నిలబడే సమయం అంతకంటే ఎక్కువే ఉంటుంది. జలుబు నుంచి షుగరు దాకా అన్నీ చూసే మామూలు ఎంబీబీఎస్‌ని. వచ్చినప్పట్నుంచీ ఈ రూలును తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఆ ఫైలు అట్ట మీద రైతా మరకలు ఉన్న మాటా నిజమే.

మొన్నామధ్య ఒక ఆదివారం "గర్భిణి, బాలింత సంరక్షణలో ఫ్యామిలీ డాక్టర్ పాత్ర" అని పెద్ద హోటల్లో సీఎంఈ, అంటే ఆ క్రెడిట్ గంటల కోసం డాక్టర్లకు చెప్పే క్లాసు, పెట్టారు. తొమ్మిదింటికి రిజిస్ట్రేషన్, పదింటికి జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత వేదిక మీదున్న పదకొండు మందికీ శాలువాలు. పదకొండో శాలువా పడేసరికి పావు తక్కువ పదకొండు. అక్కణ్ణుంచి కృత్రిమ గర్భధారణలో వస్తున్న కొత్త పోకడలు, గర్భంలోని శిశువు గుండెకు ఆపరేషన్లు. మా ఊళ్లో ఇప్పటిదాకా ఎవరూ కడుపులో బిడ్డ గుండె ఆపరేషన్ కోసం నా క్లినిక్‌కి రాలేదు. వస్తే మాత్రం ఇక కంగారు పడను. ఒంటిగంటకు బిర్యానీ. మూడున్నరకు, అజెండాలో అట్టడుగున, పావుగంట: "బాలింత సంరక్షణ."

మూడున్నరకు హాల్లో మిగిలిన వాళ్లం తొమ్మిది మందిమి. అందులో ఇద్దరు మైకు వాళ్లు. ఒకాయన నిద్రపోతున్నాడు.

దీన్ని నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. మన వైద్యశాస్త్రం సామాజిక న్యాయం పాటించిందంటాను నేను. తొమ్మిది నెలలూ ఆ అమ్మాయి ఓడ మల్లన్న. నెల తప్పిన రోజు నుంచి స్కానింగులు, ధనుర్వాతం ఇంజెక్షన్లు, ఐరన్ మాత్రలు, సీమంతం, గాజులు, పుట్టింటికి ప్రయాణం. కాన్పు అయిందా, బోడి మల్లన్న. బిడ్డ ఎన్ని కిలోలు, ఎవరి పోలిక, ముక్కు ఎవరిది? ఊళ్లో ఇలా ఉన్నప్పుడు సీఎంఈ మాత్రం వేరేలా ఎందుకుండాలి? బాలింతకు ఇంట్లో అన్నం ఎప్పుడు పెడతారో, హోటల్లో ఆమె అంశాన్నీ అప్పుడే పెట్టారు. అందరి భోజనాలూ అయ్యాక.

స్పాన్సర్లను తప్పుపట్టడం కూడా అన్యాయం. ఐరన్ సెలైన్‌కి కంపెనీ ఉంది, ప్రొటీన్ పొడికి కంపెనీ ఉంది, పొట్ట తగ్గించే బెల్టుకీ ఉంది. వాళ్లందరి స్టాళ్లూ బయట కళకళలాడుతున్నాయి. నాకూ ఒక సంచీ, పెన్ను దక్కాయి. కానీ "అమ్మా, నిద్ర పడుతోందా? కారణం లేకుండా ఏడుపొస్తోందా?" అని నోటితో అడిగే ప్రశ్నకు తయారీదారుడు ఎవడు? కాన్పు తర్వాత మనసు కుంగిపోతోందేమో కనిపెట్టడానికి 1987లోనే ఎడిన్‌బరో వాళ్లు పది ప్రశ్నల కాగితం తయారుచేశారు. ఐదు నిమిషాల పని. మాత్ర కాదు, స్ట్రిప్ రాదు, ఎమ్మార్పీ లేదు. అలాంటి వస్తువు పేరు మీద బిర్యానీ పెట్టించమంటే ఎవరు పెడతారు?

ఇంకో సంగతి గమనించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి 21.5. ఇందులో పంచాంగం వాటా ఎంతో ఎవరూ తేల్చలేదు గానీ, ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారికి కూడా కాసిని క్రెడిట్ గంటలు ఇవ్వడం ధర్మం. సరే, కడుపు కోసి కుట్టారంటే అది ఆపరేషనే కదా? మా మామగారికి గాల్‌బ్లాడర్ తీసినప్పుడు నెల్లాళ్లు మంచం మీదికే కాఫీ వెళ్లింది. అంతకంటే పెద్ద కోత పడ్డ అమ్మాయికి మర్నాడే మూడు కిలోల బిడ్డను ఒళ్లో పెట్టి, రెండు గంటలకోసారి లేవమంటాం. పైగా "మా కాలంలో పొలంలో కని, సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్లం" అని ఒక పెద్దావిడ చెప్పక మానదు.

ఇంతకీ నా సంగతి. ఒకసారి మే నెలలో ఒక తల్లి, కూతురు, ఎనిమిది రోజుల బిడ్డ వచ్చారు. బిడ్డకు ముక్కు దిబ్బడ. నేను బిడ్డ గుండె విన్నాను, తూకం వేశాను, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు రాశాను. కూతురు మూలన కుర్చీలో కూర్చుంది. చెవుల్లో దూది, తలకు మఫ్లరు, మీద శాలువా. (వేదిక మీది శాలువాలు చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.) లేచి తలుపు దాకా వెళ్లాక తల్లి వెనక్కి తిరిగి, "డాక్టరుగారూ, పొద్దుట్నుంచి దీనికి తల పగిలిపోతోందంట. చల్లగాలి కొట్టిందేమో, ఓ బిళ్ల రాయండి" అంది.

రాయబోయాను. అబద్ధమెందుకు, చేయి చీటీ మీదికి వెళ్లింది కూడా. అంతకు ముందు వచ్చిన తాతగారికి చూసిన బీపీ పట్టీ మా కాంపౌండరు సర్దకుండా బల్ల మీదే వదిలేశాడు. చేతికి తగిలింది కదాని కట్టాను. 164/112. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయా అని అడిగితే, "నిన్నట్నుంచీ. అమ్మకి చెబితే నిద్ర చాలక అంది" అంది ఆ పిల్ల.

గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ దాకా తెచ్చే జబ్బు, కాన్పుతో పోతుందని నేనూ చదువుకున్నాను. కానీ కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ పెరిగే అలవాటు దానికుందనీ, ఆరు వారాల దాకా ఫిట్స్ ముప్పు ఉంటుందనీ, కడుపుతో ఉన్నప్పుడు బీపీ మామూలుగా ఉన్నవాళ్లకీ రావచ్చనీ ఆ పావుగంట క్లాసులో చెబుతారు. మూడున్నరకి. 108లో పెద్దాసుపత్రికి పంపాం. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ పడింది, తేరుకుంది. ఆ బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. ఆ ఏడాది నాకొచ్చిన ఆరు గంటల క్రెడిట్‌నీ మా కాంపౌండరు బద్ధకం పేరు మీదికి మార్చమని మెడికల్ కౌన్సిల్‌కి రాద్దామనుకున్నాను. ఫారంలో ఆ గడి లేదు.

పోనీ, బాలింత మా చేతికి దొరకదా అంటే అదీ కాదు. ఆరో వారంలో బిడ్డకు టీకా వేయించడానికి ఎత్తుకొచ్చేది ఆవిడే. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లికి మళ్లీ పరీక్ష చేయాల్సిందీ దాదాపు ఆ రోజుల్లోనే. ఎదురుగా కూర్చుంటుంది. మేం బిడ్డ తొడ చూస్తాం, సూది పొడుస్తాం, కార్డు మీద తేదీ వేస్తాం, నెక్స్ట్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఏమందంటే, కాన్పయ్యాక కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచి, ఆపైన మూడుసార్లు చూడండి: 48 గంటలకీ 72 గంటలకీ మధ్య ఒకసారి, ఏడుకీ పద్నాలుగుకీ మధ్య ఒకసారి, ఆరో వారంలో ఒకసారి. జెనీవాలో కూర్చున్న వాళ్లకు ఎవరు చెప్పారో గానీ, మన పదకొండో రోజు పురిటి స్నానం సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. మా అమ్మమ్మ ఒక్క సీఎంఈకీ వెళ్లకుండా ఈ తేదీ కనిపెట్టేసింది. బాలింతకు మంచినీళ్లు ఇవ్వనిచ్చేది కాదు, అక్కడ ఆవిడకి సున్నా మార్కులు. కానీ ముట్టుగుడ్డ రంగు చూసేది, పొత్తికడుపు తడిమేది, ఒళ్లు వెచ్చబడితే అర్ధరాత్రైనా మనిషిని పంపేది.

అందుకని నేనొక ప్రతిపాదన చేశాను. పదకొండో రోజుకి పురోహితుణ్ణి పిలుస్తాం, చాకలిని పిలుస్తాం, ఫోటోగ్రాఫర్ని పిలుస్తాం. పసుపు, కుంకుమ, తమలపాకుల జాబితా చివర "బీపీ మిషను: 1, డాక్టరు: 1" అని ఎందుకు రాయకూడదు? మొన్న మా వీధిలో ఒకరింట్లో నా మాట మన్నించి పిలిచారు. మిషను చంకలో పెట్టుకుని వెళ్లాను. పందిట్లో కాలు పెట్టానో లేదో, అమ్మాయి పెదనాన్న చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన వెనక బాబాయి, ఆయన వెనక మేనమామ, ఆ వెనక వియ్యంకుడు గారు. అందరికీ చూశాను. పెదనాన్నకి కాస్త ఎక్కువే ఉంది, ఉప్పు తగ్గించమన్నాను.

"మరి అమ్మాయిని పిలవండి" అన్నాను.

"దానికేం తొందర డాక్టరుగారూ, ముందు బంతిలో కూర్చోండి" అన్నాడు పెదనాన్న. "అది ఎక్కడికి పోతుంది, భోజనాలయ్యాక చూద్దురు గాని."