ముఖ్య అతిథి చేతిలో మీట

సెర్జియో లియోనే 1966లో తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో వంతెన పేలే దృశ్యం ప్రపంచమంతా చూసింది. అది రెండో పేలుడు. మొదటిదాన్ని కెమెరాలే చూడలేదు.

కథ అమెరికా అంతర్యుద్ధానిది, దర్శకుడు ఇటలీవాడు, నేల స్పెయిన్‌ది. బుర్గోస్ ప్రాంతంలో అర్లాంజా నది మీద ఆ వంతెన కట్టింది స్పెయిన్ సైనికులు. ఇంత చాకిరీ చేశారు కదా, పేల్చే గౌరవం వాళ్ల కెప్టెన్‌కే ఇద్దామని ఎవరికో పెద్దమనసు పుట్టింది. మన దగ్గర ఎత్తిపోతల పథకానికి ముఖ్య అతిథిని పిలిచి మీట నొక్కించినట్టే. మీట ముందు నిలబడ్డ ముఖ్య అతిథి ఇక ఎవరికోసమూ ఆగడు, అదీ చిక్కు.

ఆ సినిమాలో నటించిన ఈలై వాలక్ చెప్పిన కథనం ఇది. పేలుళ్ల పని చూసే మనిషి, ఫలానా మాట వినగానే నొక్కమని కెప్టెన్‌కు చెప్పాడు. కాసేపటికి తానే ఆ మాటను ఇంకెవరితోనో, ఇంకేదో పని మీద అన్నాడు. కెప్టెన్ అసలే సైనికుడు! ఆజ్ఞ చెవిన పడ్డాక అది ఎవరికని ఆరా తీస్తాడా? నొక్కేశాడు. కెమెరాలు ఇంకా తిరగనే లేదు, వంతెన మాత్రం ముక్కలై గాలిలోకి లేచింది.

లియోనే అగ్గిమీద గుగ్గిలమై ఆ మనిషిని అక్కడికక్కడే పనిలోంచి పీకేశాడు. కెప్టెన్ అడ్డుపడ్డాడు: మళ్లీ కట్టిస్తాం, అతన్ని మాత్రం ఉంచండి. బేరం కుదిరింది, వంతెన మళ్లీ లేచింది. అందరిలోకీ మర్యాదస్థుడు ఆ కెప్టెనే అని నా అభిప్రాయం, చేసింది ఆయనే అయినా.

వాలక్‌కు మాత్రం అలాంటి బేరాలేవీ దొరకలేదు. శీతలపానీయం అనుకుని గుక్క వేస్తే సీసాలో ఉన్నది ఆమ్లం. ఉరి దృశ్యంలో చేతులు వెనక్కి కట్టేసి ఉండగా, తుపాకీ మోతకు బెదిరిన గుర్రం ఆయన్ను ఎత్తుకుపోయింది. పట్టాల పక్కన పడుకోబెట్టి పక్కనుంచే రైలు నడిపారు. బోగీల మెట్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయని ముందుగా ఎవరూ చూసుకోలేదు. తల కాస్త ఎత్తి ఉంటే అంతే.

లియోనే గొప్ప దర్శకుడేగానీ నటుల క్షేమం పట్టించుకోడని వాలక్ తన ఆత్మకథలో ఫిర్యాదు చేశాడు. పుస్తకం 2005లో వచ్చింది. లియోనే 1989లోనే పోయాడు కాబట్టి సంజాయిషీ అడిగే వీలు లేకపోయింది.